టెన్నిస్ ప్రత్యక్ష ప్రసారాలు: ఒక కేబుల్ ఆపరేటర్ వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

విశాఖపట్నంలో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే వృత్తిలో ఉన్నందువల్ల, క్రికెట్ గురించి మమ్మల్ని ఎవరూ పెద్దగా అడగరు గానీ టెన్నిస్ గురించి మాత్రం జనవరిలో మొదలై సెప్టెంబరు దాకా అడుగుతూనే ఉంటారు. పిల్లలను కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు వీరిలో ఎక్కువ. అందరూ ‘టెన్నిస్ ఏ చానల్‌లో వస్తుంది?’ అనే అడుగుతారు. నిజానికి ముందుగా తేల్చుకోవలసింది ఏ టోర్నమెంటు చూడాలన్నది. చానల్ దానిని బట్టి తేలుతుంది.

అపోహ: ఒక చందా కడితే టెన్నిస్ అంతా చూడవచ్చు.

వాస్తవం: క్రికెట్‌లో మన దేశంలో జరిగే భారత మ్యాచ్‌లకు బీసీసీఐ ఉన్నట్టుగా, టెన్నిస్ మొత్తానికి ఒకే యజమాని లేరు. అతిపెద్ద టోర్నమెంట్లయిన నాలుగు గ్రాండ్‌శ్లామ్‌లలో వింబుల్డన్‌ను ఆల్ ఇంగ్లండ్ క్లబ్, మిగిలిన మూడింటిని ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, అమెరికా దేశాల టెన్నిస్ సంఘాలు నిర్వహిస్తాయి. ఏడాది పొడవునా సాగే పురుషుల టోర్నమెంట్ల వరుస (టూర్) ఏటీపీ అనే సంస్థది, మహిళల టూర్ డబ్ల్యూటీఏది, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యది. ఎవరి ప్రసార హక్కులను వారు, దేశానికొక ధరకు, కొన్నేళ్ల ఒప్పందం మీద అమ్ముకుంటారు. అందుకే 2025లో మన దేశంలో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్‌లు సోనీ చానళ్లలోనూ సోనీలివ్‌లోనూ వస్తే, వింబుల్డన్ స్టార్ స్పోర్ట్స్, జియోహాట్‌స్టార్‌లలో వచ్చింది. యూఎస్ ఓపెన్ సంగతి ఇంకా విచిత్రం: 2024 దాకా సోనీలో వచ్చి, 2025లో స్టార్‌కు మారింది. నిరుడు చూసిన చానల్‌నే నమ్ముకొని ఈ ఏడాది రీఛార్జ్ చేయించుకున్నవారు మొదటి రోజునే మాకు ఫోన్ చేస్తారు. ఆయా టోర్నమెంటు అధికారిక వెబ్‌సైటులో ఏ దేశంలో ఎవరు ప్రసారం చేస్తున్నారో తెలిపే పట్టిక ఉంటుంది. డబ్బు కట్టే ముందు దానిని చూడడం రెండు నిమిషాల పని.

ఏటీపీకి టెన్నిస్ టీవీ అనే సొంత స్ట్రీమింగ్ సేవ ఉంది. పై స్థాయి మాస్టర్స్ 1000 మొదలు చిన్నవైన 250 స్థాయి దాకా పురుషుల టోర్నమెంట్లను అనుసరించేవారికి అది మేలైనదే, కానీ అందులో గ్రాండ్‌శ్లామ్‌లు ఉండవు. వింబుల్డన్ కోసం దాని ఏడాది చందా కడితే ఆ డబ్బు వృథా.

అపోహ: తెలుగు ప్యాకేజీలో స్పోర్ట్స్ చానల్ ఉంది కాబట్టి టెన్నిస్ కూడా వస్తుంది, రాకపోతే పెద్ద ప్యాక్ కొనవలసిందే.

వాస్తవం: ఈ రెండు మాటలూ తప్పే. ప్యాకేజీలో ఉండే తెలుగు స్పోర్ట్స్ చానల్‌లో ప్రధానంగా క్రికెట్, కబడ్డీ వస్తాయి. వింబుల్డన్ సాధారణంగా స్టార్ స్పోర్ట్స్ సెలెక్ట్ చానళ్లలో వస్తుంది. అయితే 2019లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమలులోకి వచ్చినప్పటి నుంచి ఏ పే చానల్‌నైనా విడిగా, ప్రకటించిన గరిష్ఠ ధరకు, దానిపై జీఎస్టీ కలిపి తీసుకునే హక్కు వినియోగదారుకు ఉంది. హెచ్‌డీ, ఎస్‌డీ వేర్వేరు చానళ్ల కింద లెక్క కనుక, అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పాలి. పెద్ద ప్యాక్ మీకు అంటగట్టడం కొందరు ఆపరేటర్లకు సులువు కావచ్చు, కానీ మీకు అది అవసరం లేదు.

అపోహ: ముఖ్యమైన మ్యాచ్‌లను దూరదర్శన్ ఉచితంగా చూపి తీరాలి, కేబుల్‌వాళ్లే దానిని ఆపేస్తున్నారు.

వాస్తవం: మాపై పడే నిందల్లో ఇది అన్నిటికన్నా పాతది, ఇందులో సగం నిజం ఉన్నందువల్ల కొంత వివరంగా చెప్పాలి. జాతీయ ప్రాధాన్యం గల క్రీడా పోటీల ప్రసార సంకేతాలను హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. ఆ పోటీల జాబితాలో భారత్ ఆడే డేవిస్ కప్ మ్యాచ్‌లు, గ్రాండ్‌శ్లామ్ సింగిల్స్ ఫైనల్స్ కూడా ఉన్నాయి. అయితే ఇలా అందిన సంకేతాన్ని దూరదర్శన్ తన సొంత భూతల ప్రసారాలలో, తన ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్‌లో మాత్రమే చూపాలి తప్ప ప్రైవేటు కేబుల్, డీటీహెచ్ సంస్థల ద్వారా చేరవేయరాదని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. కాబట్టి అదే మ్యాచ్ మా కేబుల్‌లోని డీడీ చానల్‌లో కనిపించకపోతే అది మా నిర్వాకం కాదు.

అపోహ: మనం వేరే దేశంలో ఉన్నట్టు ఇంటర్నెట్‌కు చూపగల వీపీఎన్ చట్టవిరుద్ధం కాదు కనుక, దానితో బీబీసీలో వింబుల్డన్ చూడడమూ సక్రమమే.

వాస్తవం: వీపీఎన్ వాడడం నేరం కాదన్నది నిజమే, రుషికొండలో ఐటీ ఉద్యోగులు రోజూ ఆఫీసు పనికి వాడేది అదే. కానీ బీబీసీ ప్రసారాలు బ్రిటన్‌లో లైసెన్సు రుసుము కట్టే ప్రజల కోసం ఉద్దేశించినవి. వేరే దేశంలో ఉన్నట్టు కనిపించి వాటిని చూడడం ఆ సేవా నిబంధనలకు విరుద్ధం. డబ్బు కట్టిన విదేశీ సేవ విషయంలోనూ ఇంతే. ఖాతా నిలిపివేస్తే అడిగే దిక్కుండదు.

అపోహ: ఉచితంగా దొరికేదంతా దొంగ ప్రసారమే.

వాస్తవం: టెలిగ్రామ్ లింకులు, ఏడాదికి నామమాత్రపు సొమ్ముకు వందల చానళ్లు ఇస్తామనే పెట్టెలు అనధికారికమైనవే. ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులతో ఇటువంటి సైట్లు మూతపడుతూనే ఉన్నాయి. సేవ ఆగిపోయాక డబ్బు వాపసు అడగడానికి అమ్మినవాడు దొరకడు. అయితే ప్రధాన టూర్ కింది మెట్టు అయిన ఛాలెంజర్ స్థాయి మ్యాచ్‌లను ఏటీపీయే తన వెబ్‌సైటులో ఉచితంగా, ప్రత్యక్షంగా చూపుతుంది. విశాఖవాసులు తమవాడిగా చెప్పుకొనే సాకేత్ మైనేని, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన ఆటగాడు, ఎక్కువగా ఆడింది ఈ స్థాయిలోనే. ఆట నేర్చుకునే పిల్లలకు వింబుల్డన్ ప్రధాన మైదానమైన సెంటర్ కోర్టు కంటే ఈ మ్యాచ్‌లే ఎక్కువ నేర్పుతాయని నా అభిప్రాయం.

అపోహ: అన్నీ అర్ధరాత్రి మ్యాచ్‌లే, చందా దండగ.

వాస్తవం: మన గడియారం ప్రకారం ఆస్ట్రేలియన్ ఓపెన్ తెల్లవారుజామున 5.30కి, ఫ్రెంచ్ ఓపెన్ మధ్యాహ్నం 2.30కి, వింబుల్డన్ బయటి కోర్టులు 3.30కి, సెంటర్ కోర్టు సాయంత్రం 6 గంటలకు మొదలవుతాయి. నిద్ర చెడేది యూఎస్ ఓపెన్‌కే. పగటి ఆట రాత్రి 8.30కి, రాత్రి ఆట మరునాడు తెల్లవారుజామున 4.30కి.

చివరిగా బీచ్ రోడ్డు వైపు కేఫ్‌లు నడిపేవారికి ఒక మాట. ఇంటి కనెక్షన్ ఇంటివారు చూడడానికే. దుకాణంలో పెద్ద తెర పెట్టి ఫైనల్ చూపాలంటే వాణిజ్య చందాదారుగా వేరే కనెక్షన్ తీసుకోవాలి, దాని ధర కూడా వేరు. ఇంటి కోసం తీసుకున్న యాప్ చందా దీనికి పనికిరాదు. ఫైనల్ రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఏ ఆపరేటరూ ఆ కనెక్షన్ ఇవ్వలేడు కనుక, వారం ముందుగా అడగండి.