తడి లోపలినుంచే వస్తుంది

భోగి రోజు ఉదయం షెడ్డులో కారు మీది కవరు తొలగించగానే మా పిన్ని కొడుకు మాట రాక నిలబడిపోయాడు. ఎర్ర రంగు, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. విదేశంలో ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి కూడబెట్టి కొనుక్కున్నది. దీపావళికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు దగ్గరుండి కడిగించి, వెండి రంగు వాటర్‌ప్రూఫ్ కవరు కప్పి, అంచులు నేలదాకా లాగి, అడుగున తాడు బిగించి మరీ వెళ్లాడు. ఆ రెండున్నర నెలల్లో దాని మీద ఒక్క వాన చుక్క పడలేదు. అయినా బానెట్ మీద తెల్లటి మసక మరకలు, బ్రేకు డిస్కుల మీద ఇటుక రంగు పొర, స్టీరింగుకు తొడిగిన తోలు మీద బూజు. కవరు లోపలి వైపు అరచేయి ఆనించి చూశాను. చల్లగా, జిగటగా తగిలింది. చేయి జరిపిన చోటల్లా సన్నటి నీటి బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి చారలుగా కిందికి జారాయి.

"పైకప్పు ఎక్కడ కారిందో చూడాలి" అంటూ బాబాయి రేకుల వైపు తలెత్తారు. రేకులు ఎక్కడా కారలేదు. ఆ నీరు బయటినుంచి రాలేదు, కవరు కిందే పుట్టింది.

మా ఊరు అమలాపురానికి దగ్గర్లో ఉంది. చుట్టూ కాలువలు, కొబ్బరి తోటలు, వరి చేలు. ఇక్కడి గాలిలో తేమ ఎంత ఉంటుందో ఒంటికి తెలుసు గానీ లెక్క కట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే మోయగలిగేది 17 గ్రాములే. మిగిలిన ఆవిరి దగ్గర్లో ఏది చల్లగా ఉంటే దాని మీద నీరై కూర్చుంటుంది. శీతాకాలపు సాయంత్రం 25 డిగ్రీల వేడి, 80 శాతం తేమ, అంటే గాలి మోయగలిగిన ఆవిరిలో 80 శాతం, ఉన్నాయనుకుందాం. ఆ గాలికి తగిలిన వస్తువు 21 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద చెమ్మ మొదలవుతుంది. అంటే తేడా నాలుగు డిగ్రీలే. డెల్టాలో మార్గశిరం, పుష్యం నెలల రాత్రులు అంతకంటే చల్లగానే ఉంటాయి.

ఇప్పుడు ఆ కవరు కింద జరిగినది చూద్దాం. గోదావరి పాయల మధ్య నేల అడుగున నీరు ఎంతో లోతున ఉండదు. ఒండ్రుమట్టి రేణువుల మధ్య సన్నని సందుల గుండా ఆ నీరు దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎగబాకుతుంది. పాఠ్యపుస్తకాల్లో కేశనాళికీయత అని చదువుకున్నది దీని గురించే. పాత షెడ్డుల గచ్చు కింద ఈ తేమను ఆపే పొర ఏదీ ఉండదు కాబట్టి నేల పగలూ రాత్రీ కొద్దికొద్దిగా ఆవిరి వదులుతూనే ఉంటుంది. మామూలుగా అయితే అది షెడ్డులోని గాలిలో కలిసిపోవాలి. నేలదాకా బిగించిన వాటర్‌ప్రూఫ్ కవరు దాన్ని కారు చుట్టూ పట్టి ఉంచుతుంది. రాత్రి చలికి అన్నిటికంటే ముందు చల్లబడేది ఆ కవరే, ఎందుకంటే అది పలచన. ఆవిరి ముందుగా దాని లోపలి ముఖం మీద చుక్కలు కడుతుంది. బానెట్‌కు, పైకప్పుకు కవరు ఆనుకున్న ప్రతి చోటా ఆ చుక్కలు పెయింటుకూ గుడ్డకూ మధ్య ఇరుక్కుని ఆరే దారి లేక రోజుల తరబడి అక్కడే ఉండిపోతాయి. తెల్లటి మరకలు సరిగ్గా కవరు ఆనిన చోట్లలోనే ఉండటానికి కారణం ఇదే.

కారు మరో విధంగా కూడా తడుస్తుంది. టన్నుకు మించిన లోహపు ముద్ద రాత్రంతా చల్లబడి, తెల్లవారాక అంత తొందరగా వేడెక్కదు. ఎండ రాగానే చేల మీది మంచు ఆవిరై గాలిలో చేరుతుంది. ఎనిమిది, పదకొండు గంటల మధ్య బయటి గాలి వెచ్చగా, నిండు తేమతో ఉంటుంది. లోపలి ఇంజను, డిస్కులు మాత్రం ఇంకా రాత్రి చల్లదనంలోనే ఉంటాయి. ఆ సమయంలో షెడ్డు తలుపులు బార్లా తెరిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ల సీసాకు పట్టినట్టే ఇనుముకు చెమ్మ పడుతుంది. గాలి తగలాలని బాబాయి ప్రేమగా రోజూ తలుపులు తెరిచిన వేళ అదే.

తుప్పు పట్టడానికి నీరు కంటికి కనబడేంత ఉండనక్కర లేదు. 1930ల్లో బ్రిటన్‌లో వెర్నన్ అనే శాస్త్రవేత్త ఇనుము మీద చేసిన ప్రయోగాల్లో, కలుషితమైన గాలిలో తేమ సుమారు 60 శాతం దాటగానే తుప్పు వేగం ఒక్కసారిగా పెరగడం గమనించాడు. అంతకు లోపు పెద్దగా ఏమీ జరగలేదు. ఉప్పు ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. మనం తినే ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలో చూసేది అదే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అంతర్వేది వెళ్లి సముద్రపు గాలిలో నిలిపి తెచ్చిన కారును అలాగే కప్పేస్తే, దాని మీది ఉప్పు పొర మన ప్రాంతంలో ఆరడమన్నది దాదాపు ఉండదు. కవరు కప్పే ముందు మంచినీళ్లతో, ముఖ్యంగా చక్రాల లోపలి వైపూ అడుగు భాగమూ, కడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. కడిగిన రోజే కప్పకూడదు. ఒక ఎండ పూట ఆరనివ్వాలి.

అసలు ఈ వాటర్‌ప్రూఫ్ కవరు ఎందుకు కొన్నావని తమ్ముణ్ని అడిగాను. మంచిదనే కొన్నానన్నాడు. అతని తప్పు కాదు. ఆరుబయట నిలిపే కారుకు వాన నుంచి రక్షణ అవసరమే. పైకప్పు కింద ఉన్న కారుకు ఆ అవసరం లేదు. అక్కడ కవరు చేయవలసిన పని దుమ్మును ఆపడం, ఆవిరిని వదలడం.

నిజానికి ఈ సంగతి మన రైతులకు కొత్త కాదు. అదే నవంబరులో, అదే వాకిట్లో, వాన కమ్ముకొస్తే ధాన్యపు రాశుల మీద బరకాలు కప్పుతారు. వాన వెలిసిందా, పరుగున వెళ్లి తీసేస్తారు. తీయకపోతే గింజ వదిలే వేడీ ఆవిరీ లోపలే నిలిచి ధాన్యం రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. కొనుగోలు కేంద్రంలో గింజలోని తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి దాని కోసం రాత్రిళ్లు మేలుకునే బాబాయికి, కారు కవరు కూడా బరకం లాంటిదేనని చెప్పగానే మరో మాట అవసరం లేకపోయింది. ధాన్యాన్ని గోనె సంచుల్లో నిల్వ చేసేదీ అందుకే కదా అన్నారు.

అయితే ఎలాంటి గుడ్డ కావాలి? పాశ్చాత్య దేశాల్లో స్పోర్ట్స్ కార్లను చలికాలమంతా గ్యారేజీలో దాచేవారు చాలామంది మెత్తటి నూలు ఫ్లానెల్ గుడ్డను మెచ్చుకుంటారు. వాళ్ల దగ్గర ఆ సలహా సరైనదే. సున్నా డిగ్రీల గాలిలో ఘనమీటరుకు 5 గ్రాములకు మించి ఆవిరి ఉండదు. దాన్ని వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీలకు తెస్తే తేమ 26 శాతానికి పడిపోతుంది. అంత పొడి గాలిలో నూలు హాయిగా ఉంటుంది. మన దగ్గర నూలు స్వభావం వేరుగా బయటపడుతుంది. 65 శాతం తేమలోనే నూలు తన బరువులో 8 శాతం దాకా నీరు పీల్చుకుంటుంది. గాలి తేమతో నిండేకొద్దీ అది ఇంకా పెరుగుతూ పోతుంది. పైగా నూలంటే సెల్యులోజు, బూజుకు ఆహారం. సంక్రాంతి ముందు బీరువా తెరిస్తే అడుగున మడిచిన దుప్పటి వాసన ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ దుప్పటిని కారు మీద కప్పకూడదు. పాలియెస్టర్ అదే గాలిలో అర శాతం కూడా పీల్చుకోదు. పాలీప్రొపిలీన్ దాదాపు ఏమీ పీల్చుకోదు. కోనసీమలో నేను వీటివైపే మొగ్గుతాను.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఆవిరిని వదిలే గుడ్డ నీటినీ వదలదా? ఈ విషయంలో ప్రకృతి మనకు గొప్ప సౌకర్యం ఇచ్చింది. నీటి అణువు వెడల్పు మిల్లీమీటరులో 30 లక్షల వంతు కంటే కాస్త తక్కువ. వాన చుక్క మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. రెంటికీ నడుమ లక్షల రెట్ల తేడా. ఆ నడుమ కొలతలో రంధ్రాలున్న గుడ్డ తయారు చేస్తే ఆవిరి అడ్డు లేకుండా సాగిపోతుంది, చుక్క మాత్రం తన తలతన్యత వల్ల, అంటే నీటి పైపొర బిగువు వల్ల, రంధ్రంలోకి దిగలేక పైనే గోళీలా నిలుస్తుంది. కోవిడ్ రోజుల్లో మనం పెట్టుకున్న సర్జికల్ మాస్కు ఇదే సూత్రం మీద తయారైన మూడు పొరల గుడ్డ. బయటి రెండు పొరలూ బలానికి. మధ్య పొర కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం మాత్రమే ఉన్న పాలీప్రొపిలీన్ పోగులతో, నేత లేకుండా కరిగించి ఊదినది. అలాంటి మూడు పొరల కవర్లు కార్లకూ దొరుకుతాయి. మాస్కు పెట్టుకుని ఊపిరి తీసుకున్నట్టే కారు కూడా దాని కింద తేమను వదలగలదు.

రేకుల షెడ్డుకు నేను ఈ మూడు పొరల రకమే చెబుతాను. రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. తెల్లవారుజామున దాని అడుగున చెమ్మ పట్టి చుక్కలు రాలుతాయి. ఆ కాసిని చుక్కలను ఈ గుడ్డ ఆపగలదు. స్లాబు వేసిన గదిలో అయితే ఆ బాధ లేదు కాబట్టి, సాగే పాలియెస్టర్ అల్లిక గుడ్డ ఇంకా మేలు. అది ఒంటికి పట్టిన బనీనులా కారు వంపులకు అంటుకుంటుంది, ఎక్కడా రెపరెపలాడి రాసుకోదు. పీవీసీ పూత ఉన్నవాటిని మాత్రం ఎక్కడా దగ్గరికి రానివ్వవద్దు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెల్లాంటి పదార్థాలు ఎండ వేడికి మెల్లగా ఊరి, పెయింటుకు అంటుకుని మరకలు పడతాయి.

దుకాణంలో అన్ని కవర్ల మీదా గాలి ఆడుతుందనే రాసి ఉంటుంది. దాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మేము మూడు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్లు సమానంగా పోసి, ఒకదానికి పాత వెండి రంగు కవరు ముక్క, రెండోదానికి బట్టల కొట్టువాళ్లిచ్చిన నాన్ వోవెన్ సంచి ముక్క, మూడోదానికి సాగే అల్లిక గుడ్డ కట్టాము. వాటి మీద చల్లటి స్టీలు పళ్లేన్ని బోర్లించి పట్టుకున్నాము. రెండో గ్లాసు మీదా, మూడోదాని మీదా పళ్లెం క్షణాల్లో మసకబారింది. మొదటిదాని మీద పిన్ని తన ముఖం చూసుకోగలిగింది. ఆ ముక్కను విప్పి తిప్పితే లోపలి వైపు చెమటలు కారుతోంది. ప్రయోగశాలల్లో దీన్నే మరింత జాగ్రత్తగా, కప్పు మూతికి గుడ్డను బిగించి రోజుల తరబడి బరువు తూచి, ఎంత నీరు బయటికి పోయిందో లెక్కిస్తారు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే అదీ చేయవచ్చు.

మెత్తదనం గురించి కూడా కొంత చెప్పాలి. కారు పెయింటు మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కంటే పలచన. దాన్ని గీసేది గుడ్డ కాదు, గుడ్డకూ పెయింటుకూ మధ్య చిక్కిన దుమ్ము. మన దుమ్ములో ఇసుక ఉంది, దాని గట్టిదనం ఉక్కును గీయగలిగినంత. మండపేట, తాడేపల్లిగూడెం వంటి రైసు మిల్లుల ఊళ్ల చుట్టుపక్కల ఊక బూడిద కూడా ఉంటుంది. చూడటానికి మసిలా మెత్తగా ఉన్నా అందులో 85 శాతానికి పైగా సిలికానే. ఎంత ఖరీదైన గుడ్డ అయినా ఆ బూడిద మీద ఈడిస్తే గరుకు కాగితమే. కప్పేటప్పుడు ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఎత్తి, పైనుంచి దింపాలి. తీసేటప్పుడు బయటి ముఖం లోపలి ముఖానికి తగిలేలా మడవకూడదు, ఆ దుమ్ము మళ్లీ పెయింటు మీదికే వస్తుంది.

ఎలుకలకూ పందికొక్కులకూ ఏ కవరూ మందు కాదు. వాటి సంగతి షెడ్డు గోడల దగ్గరే చూసుకోవాలి.

వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజను నడిపితే మంచిదన్న నమ్మకం మా ఊళ్లో గట్టిగా ఉంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినందువల్ల వచ్చే నీరు అది. దూరం నడిస్తే వేడికి ఆవిరై పోతుంది. అయిదు నిమిషాలకు సైలెన్సర్ వేడెక్కదు, నీరు లోపలే నిలుస్తుంది. పైగా ఆ వేడి ఇంజను మీద వెంటనే కవరు కప్పితే ఆ తడికి మనమే తలుపు మూసినట్టు. నడిపితే అరగంట నడపాలి, లేదంటే కదపకుండా వదిలేయాలి.

పాత వెండి రంగు కవరును పారేయలేదు. వాటర్‌ప్రూఫ్‌కు షెడ్డులో తగిన చోటు ఒకటి ఉంది, అది కారు పైన కాదు, కారు కింద. ముందు నేలను పరీక్షించాము. అర మీటరు చదరపు పాలిథీన్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రాత్రి వదిలేశాము. తెల్లవారి తీస్తే అడుగున గచ్చు ముదురు రంగుకు తిరిగి, పాలిథీన్ కింది ముఖం చుక్కలతో నిండి ఉంది. అప్పుడు పాత కవరును విప్పదీసి నేలంతా పరిచి, దాని మీద కారు నిలిపాము. పైన మూడు పొరల గుడ్డ కప్పి, అంచులను నేలకు జానెడు ఎత్తులోనే ఆపి, తాడు బిగించకుండా వదులుగా కట్టాము.

తేమ కొలిచే చిన్న మీటరొకటి ఇప్పుడు షెడ్డు స్తంభానికి వేలాడుతోంది. ఉదయం పొగమంచు విడిచేదాకా బాబాయి తలుపు తీయడం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు మీటరును లోపలా బయటా పెట్టి చూసి, బయట తేమ లోపలికంటే తక్కువగా ఉంటేనే తీస్తున్నారు, నాలుగున్నరకల్లా వేసేస్తున్నారు. రెండు అంకెలనూ గోడ మీది క్యాలెండరులో, వర్జ్యం, దుర్ముహూర్తం గడుల పక్కనే పెన్సిలుతో రాస్తున్నారు. మొన్న ఆదివారం గడిలో లోపల 62, బయట 55 అని ఉంది. కవరు అంచు ఎత్తి డిస్కును వేలితో తడిమితే, వేలికి ఏ రంగూ అంటలేదు.