ఆర్ద్ర పేలుతుందా అన్న గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

ఆర్ద్ర కాస్త మసకబారితే చాలు, "ఇక పేలిపోతుంది" అన్న మాట మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఆర్ద్ర అంటే బెటెల్‌గ్యూజ్, ఓరియన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్ర మండలంలో భుజం దగ్గర ఎర్రగా కనిపించే నక్షత్రం. నక్షత్రం మేఘంలోంచి ఎలా పుడుతుంది, హైడ్రోజన్ ఎలా మండుతుంది అన్నవి అందరూ చదువుకున్నవే, వాటి మీద పేచీ లేదు. సూర్యుడికి 16 నుంచి 19 రెట్లు బరువున్న ఆర్ద్ర చివరికి సూపర్‌నోవాగా పేలక తప్పదు, దాని మీదా పేచీ లేదు. ఇప్పుడు దాని కడుపులో మండుతున్నది హీలియమా, కార్బనా అన్నదే ప్రశ్న. హీలియం అయితే ఇంకా లక్ష ఏళ్ల దాకా పట్టొచ్చు. కార్బన్ చివరి దశ అయితే వందల ఏళ్లే, ఇంకా తక్కువైనా కావచ్చు.

చాలామంది ఈ కథని 2019 డిసెంబర్ నుంచి చెబుతారు. అప్పటి నుంచి 2020 ఫిబ్రవరి దాకా దాని వెలుగు మామూలులో దాదాపు మూడో వంతుకు పడిపోయిన మాట నిజమే. కానీ అది కక్కిన వాయువు చల్లారి ధూళి మేఘంగా మారి ముందు అడ్డుపడిందని, ఉపరితలం కొంత చల్లబడిందని తర్వాత తేలింది. కడుపులో ఏం జరుగుతోందో ఆ మసక మనకేమీ చెప్పలేదు.

నా లెక్కలో అసలు మలుపు 2023. ఆర్ద్ర ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, దాని వెలుగులో రెండు లయలు కనిపిస్తాయి: ఒకటి సుమారు 400 రోజులది, రెండోది సుమారు 2,100 రోజులది. జపాన్‌కి చెందిన హిదెయుకి సాయో బృందం ఆ పొడవాటి లయే నక్షత్రం అసలు ఊపిరి అంది. ఊయల తాడు పొడవైతే ఊపు నెమ్మదిస్తుంది కదా, అలాగే అంత నెమ్మదిగా ఊపిరి తీయాలంటే నక్షత్రం చాలా పెద్దదై ఉండాలి, అంత పెద్దదంటే కార్బన్ దశ చివరికొచ్చినట్టే. లెక్క పొందిగ్గా ఉంది, వార్తలన్నీ దాన్నే పట్టుకున్నాయి.

అదే ఏడాది మోల్నార్, జాయిస్, లెయుంగ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఇచ్చిన జవాబు మాత్రం అంతగా ఎవరి కంటా పడలేదు, నాకు బాధ కలిగించేది అదే. ఆకాశంలో ఆర్ద్ర ఎంత వెడల్పుగా కనిపిస్తుందో మైకెల్సన్, పీస్ అనే శాస్త్రవేత్తలు 1920లోనే అమెరికాలో అబ్జర్వేటరీ ఉన్న మౌంట్ విల్సన్‌లో కొలిచారు, తర్వాత ఎన్నోసార్లు ఇంకా మెరుగ్గా కొలిచారు. సాయో లెక్కకి కావలసినంత పెద్ద నక్షత్రం ఆ కొలతల్లో ఇమడదు. 400 రోజులదే అసలు ఊపిరి అనుకుంటే అసలు వెడల్పు సూర్యుడికి 750 రెట్ల దగ్గర సరిపోతుంది, అప్పుడు మండుతున్నది హీలియమే. కనిపించే వెడల్పు నుంచి అసలు వెడల్పు లెక్కగట్టాలంటే దూరం తెలియాలి; ఆర్ద్ర దూరం 550 కాంతి సంవత్సరాలా, 700 పైనా అన్నది ఇంకా తేలలేదు కాబట్టి సాయో పక్షానికి కొంత సందు ఉంది, కానీ ఆ సందు చిన్నదే.

మరి 2,100 రోజుల లయ ఎక్కడిది? పక్కనే తిరిగే చిన్న జంట నక్షత్రం వల్ల కావచ్చని 2024లో రెండు బృందాలు విడివిడిగా లెక్కగట్టాయి. 2025 జులైలో జెమిని నార్త్ టెలిస్కోప్‌తో దాన్ని చూశామని ప్రకటన వచ్చింది, కానీ ఆ ఆనవాలు బలహీనమైనది, రుజువు అనలేం. ఆ జంట మళ్లీ ఆర్ద్రకి బాగా ఎడంగా జరిగేది 2027 నవంబర్‌లో, టెలిస్కోపులు దాన్ని గట్టిగా పట్టుకోగలిగేది అప్పుడే.