మంచు కమ్మకముందే పుట్టిన నాచు

నార్వే నడుమ ట్రోండెలాగ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి చిత్తడి నేలల్లో పెరిగే ఒక నాచుకి ఆ ప్రాంతం పేరే పెట్టారు: స్ఫాగ్నమ్ ట్రోండెలాగికమ్. నాచు అంటే నీళ్ల మీద తేలే ఆల్గే కాదు, తడి నేలను పట్టుకుని పచ్చగా పరుచుకునే మాస్. ఫ్లాట్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1988లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. ఆ కాస్త చోటికే పరిమితమైన మొక్కగా దీనికి పేరుపడింది.

దీన్ని కన్నవాళ్లు మాత్రం అరుదైనవాళ్లు కారు. స్ఫాగ్నమ్ బాల్టికమ్, స్ఫాగ్నమ్ టెనెల్లమ్ రెండూ ఉత్తరాది చిత్తడి నేలల్లో విరివిగా పెరుగుతాయి. ఆ రెండింటి కలయికలో పుట్టిన హైబ్రిడ్ ఇదని 2001లో వచ్చిన జన్యు అధ్యయనం చూపించింది.

స్ఫాగ్నమ్ అనే ఈ నాచుల తెగలో మనకు కనిపించే పచ్చని మొక్కకి సాధారణంగా క్రోమోజోముల సెట్ ఒక్కటే ఉంటుంది, అందులో 19 క్రోమోజోములు. ఈ నాచులో అమ్మ సెట్, నాన్న సెట్ రెండూ ఉన్నాయి. అదే దీన్ని నిలబెట్టింది. స్పోర్లు, అంటే విత్తనాల్లా కొత్త మొక్కలకు మూలమయ్యే సూక్ష్మకణాలు, తయారవ్వాలంటే ప్రతి క్రోమోజోముకీ జోడీ దొరకాలి. రెండు జాతుల క్రోమోజోములకు పొసగక మామూలు హైబ్రిడ్ చాలాసార్లు గొడ్డుపోతుంది. రెండు సెట్లూ పూర్తిగా నిలుపుకుంటే, స్పోర్లు తయారయ్యే దశలో ప్రతి క్రోమోజోముకీ తన జాతిదే జోడీ దొరికి ఆ చిక్కు తప్పుతుంది.

అమ్మ ఎవరో క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ (కణంలోని పచ్చని భాగాల్లో ఉండి, అమ్మ నుంచే వచ్చే డీఎన్ఏ) చెప్పింది: టెనెల్లమ్. ఈ సంగతి 2011 నాటి అధ్యయనంలో తేలింది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది అందులోని వయసు లెక్క. బహుశా మంచుయుగం ముగిశాక, స్కాండినేవియాలోనే, ఒకటికి మించిన సార్లు ఇది పుట్టి ఉంటుందని అంతకుముందు అనుకునేవారు. కొత్త లెక్కలో వయసు 80,000 ఏళ్లకు మించదు గానీ, మంచుయుగం ముగింపుకన్నా ముందే ఇది పుట్టింది. మధ్యస్థ అంచనా దాదాపు 40,000 ఏళ్లు. పలుసార్లు పుట్టిందా, ఒక్కసారేనా అన్నది తేలిగ్గా తెగలేదు. కొన్ని ఆధారాలు పలుసార్లు అన్న వైపు లాగినా, ఒక గణాంక విశ్లేషణ ఒక్కసారే అంది.

ఇంకో ముడి ఉంది. ఈ నాచు లైంగికంగా పునరుత్పత్తి చెందడం ఎవరూ చూడలేదు. అయినా జన్యువులు కలగలిసిన తీరు చూస్తే, కంటపడకుండా ఆ పని జరుగుతూనే ఉందనిపిస్తుంది.

మంచు గరిష్ఠంగా పేరుకున్న రోజుల్లో, సుమారు 20,000 ఏళ్ల క్రితం, నార్వే హిమఫలకం కింద ఉంది. మరి ఇది ఎక్కడ బతికింది? మంచు అందని ఏదో పీట్ నేలలో (సగం కుళ్లిన నాచు పొరలుగా పేరుకున్న తడి నేలలో) పుట్టి, గత కొన్ని వేల ఏళ్లలో స్పోర్లుగా గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ పడిందని ఆ పరిశోధకుల ఊహ. ట్రోండెలాగ్‌లో ఈనాడు బాల్టికమ్, టెనెల్లమ్ కూడా పెరుగుతున్నాయి. ఆ ఊహే నిజమైతే, దీన్ని కన్నది ఆ పొరుగు మొక్కలు కావు.