గత్తర విషాన్ని పేగులోనే పట్టుకున్నాయన

తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు పట్టరాని కోపం వస్తే "నీకు గత్తర రాను" అని తిట్టేవాళ్లు. గత్తర అంటే కలరా. కోస్తాలో దాన్నే మరిడి అనేవాళ్లు, ఊళ్లోకి రానివ్వకమ్మా అని మరిడమ్మకు మొక్కేవాళ్లు. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికల్లా కళ్లు లోతుకు పోయి, వేళ్లు ముడతలు పడి, మాట పెగలకుండా పోయేది. అది చూసిన వాళ్లకు దేవతకు కోపమొచ్చిందని కాక ఇంకేం తోస్తుంది?

కలరా వార్డులో మంచానికి నడుమ ఒక రంధ్రం ఉంటుంది, దాని కింద బకెట్. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు. అదీ మలంలా ఉండదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. ఒంట్లోంచి ఇంత నీరు ఎందుకు పోతోంది? డాక్టర్లను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న ఇది.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో రోగుల పేగుల్లోనూ, చెరువు నీళ్లలోనూ వంకర తిరిగిన బ్యాక్టీరియాను చూపించాడు. అది ఏదో విషం వదులుతోందని కూడా ఊహించాడు. ఊహ సరైనదే. వెతికిన చోటే తప్పింది. విషం రక్తంలో కలిసి ఒళ్లంతా పాకుతుందనుకుని చాలామంది దాన్ని జంతువుల రక్తంలోకి, పొట్టలోకి ఎక్కించి చూశారు. జంతువులు చచ్చిపోయేవి గానీ వాటికి కలరా మాత్రం వచ్చేది కాదు.

దారి చూపినాయన శంభునాథ్ డే. హుగ్లీ జిల్లాలో పుట్టి, లండన్‌లో పీహెచ్‌డీ చేసి, కలకత్తాకు తిరిగొచ్చిన పాథాలజిస్టు. ఆయన పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ ముడుల మధ్య కలరా బ్యాక్టీరియాను ఎక్కించి, పొట్ట కుట్టేశారు. మర్నాడు తెరిచి చూస్తే ఆ ముక్క నీళ్లతో ఉబ్బి ఉంది. పక్కనున్న పేగు మామూలుగానే ఉంది. ఇది 1953 నాటి మాట. 1959లో ఇంకో అడుగు వేశారు. బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడపోసి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా చేసి, ఆ వడపోసిన నీళ్లనే ఎక్కించారు. పేగు మళ్లీ ఉబ్బింది. పనంతా విషానిదేనని అలా తేలింది. 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం చాలా చిన్నది.

ఆ విషం ఎలా పనిచేస్తుందో తర్వాతి వాళ్లు విప్పి చెప్పారు. దానికి రెండు భాగాలు. అయిదు ముక్కలున్న ఒక భాగం పేగు కణాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రెండోది లోపలికి దూరి ఒక స్విచ్‌ను ఆన్‌లోనే బిగించేస్తుంది. అప్పుడు కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం పెరిగిపోయి, క్లోరైడ్ బయటికి పోతుంది. దాని వెంటే సోడియం, నీరు. బ్యాక్టీరియా కణంలోకి అడుగే పెట్టదు. పేగు పొర కూడా చెడదు, కుళాయి కట్టేయడం కుదరని ఇల్లులా మారుతుందంతే. ఇంకో విచిత్రం, ఆ విషం జన్యువు అసలు బ్యాక్టీరియా సొంతం కాదు. దానికి సోకే ఒక వైరస్ మోసుకొచ్చిందని 1996లో బయటపడింది.

అన్ని విషాలూ ఇలా ఉండవు. కొన్ని రకాల ఈ.కోలై బ్యాక్టీరియా వదిలేది దాదాపు ఇలాంటిదే. కొన్ని షిగెల్లా బ్యాక్టీరియా వదిలే షిగా విషం అలా కాదు, కణాలనే చంపేస్తుంది. అందుకే విరేచనంలో రక్తం కనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

కలరా విషం ఒక దారిని మాత్రం మూయలేదు. గ్లూకోజు, సోడియం కలిసి కణంలోకి వెళ్లే దారి అది. ఆ రెండూ లోపలికి వెళ్తే నీరు కూడా వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ దారినే నమ్ముకున్నారు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. రోగుల పక్కనున్న ఇంటివాళ్లే కప్పులతో తాగించారు. ఇలాంటి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లనే ఓఆర్ఎస్ అంటాం. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 3.6కి దిగాయి.

డేకు ఆయన బతికుండగా మన దేశంలో పెద్ద అవార్డేదీ రాలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు సూచించారు. మన సైన్స్ అకాడమీలు మాత్రం సభ్యత్వం కూడా ఇవ్వలేదు. 1985లో కన్నుమూశారు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఈ కథంతా ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తీపి డ్రింకులు మందుల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర చాలా ఎక్కువ. చక్కెర మితిమీరితే నీటిని ఒంట్లోకి పంపకపోగా పేగులోకే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల పాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) చెప్పే ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరుకు ఉండాల్సిన గ్లూకోజు 13.5 గ్రాములే. షాపులో అడిగినప్పుడు ప్యాకెట్ మీద ఆ అంకె చూసుకోండి. కలిపేటప్పుడు సగం గ్లాసులో కాదు, అది చెప్పినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి.