ఫైటర్ అంటే రౌడీ కాదు: రంగు చేపల పేర్లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మాది చిన్న అక్వేరియం షాపు. "అన్నా, ఫైటర్ ఒకటి ఇయ్యండి, పిల్లోడు అడగతా ఉండాడు" అనే మాట వినని ఆదివారం ఉండదు. ఇచ్చేస్తాను. కానీ ఆ పేరు చూసి జనం ఊహించుకునేది ఒకటి, ఆ చేప బతుకు ఇంకొకటి. మధ్యలో చచ్చేది చేప.

అపోహ: ఫైటర్ ఏ చేప కనబడినా కొట్లాడుతుంది.

వాస్తవం: దాని కోపమంతా సొంత జాతి మీదే, ముఖ్యంగా మగదానికి ఇంకో మగది ఎదురైతే. పొడుగు తోకలు ఊపుకుంటూ తిరిగే గప్పీలను చూసి ఒక్కోసారి పొరబడి మీద పడుతుంది. అడుగున తిరిగే కోరీ చేపల జోలికి చాలావరకు పోదు. దీని సొంత దేశం థాయ్‌లాండ్. అక్కడ దీన్ని 'ప్లా కాట్' అంటారు. ప్లా అంటే చేప, కాట్ అంటే కొరకడం. అంటే కరిచే చేప, అంతే. పాత రోజుల్లో ఆ దేశం పేరు సయాం కాబట్టి ఇంగ్లీషు వాళ్ళు 'సయామీస్ ఫైటింగ్ ఫిష్' అన్నారు. మనం ముందూ వెనకా కత్తిరించి ఫైటర్ అని పిలుచుకుంటున్నాం. 2019లో థాయ్‌లాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

అసలు ఈ చేపలకు పందేలు పెట్టింది మనుషులు. మన కోడిపుంజుల సంగతి లాంటిదే: బాగా పోట్లాడేవాటినే ఏరి తరతరాలుగా జత కట్టించారు. వరిమళ్ళలో, మడుగుల్లో అయితే ఓడిన చేప పక్కకు తప్పుకుంటుంది. గాజు గిన్నెలో ఎక్కడికి పోతుంది? ఇదే ఫైటర్ మగది నీటి మీద నురగతో గూడు కట్టి, జారిపడే గుడ్లను నోటితో ఏరి మళ్ళీ గూట్లో పెడుతుంది. ఆ పని చూసి పేరు పెట్టి ఉంటే ఈపాటికి 'నాన్న చేప' అనేవాళ్ళం.

అపోహ: షాపులో చిన్న డబ్బాల్లోనే పెడతారు కదా, దానికి అది చాలు.

వాస్తవం: ఈ తప్పులో మా వాటా ఉంది. మగవాటిని కలిపితే చింపుకుంటాయని అమ్ముడుపోయే దాకా విడివిడిగా పెడతాం. అది బస్టాండులో వెయిటింగ్ హాలు లాంటిది, ఇల్లు కాదు. ఫైటర్ మన కొర్రమీను లాగా పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే తక్కువ నీళ్ళలో వెంటనే చావదు, కానీ ఆ నీళ్ళు రెండు రోజుల్లో పాడవుతాయి. కనీసం పదిహేను, ఇరవై లీటర్ల ట్యాంకు పెట్టండి.

అపోహ: బెట్టా, ఫైటర్, ప్లకట్ మూడూ వేరే వేరే చేపలు.

వాస్తవం: షాపులో మూడు పేర్లతో అమ్మేది మామూలుగా ఒకే జాతి, బెట్టా స్ప్లెండెన్స్. 1910లో రీగన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. బెట్టా అనాలి, బీటా కాదు. గ్రీకు అక్షరానికీ దీనికీ సంబంధం లేదు. ఇక ప్లకట్ అంటే ఆ 'ప్లా కాట్' మాటే. మన దగ్గర పొట్టి తోక రకానికి మాత్రం ఆ పేరు మిగిలింది. 'ప్లకట్ ఫిష్' అంటే 'కరిచే చేప చేప' అన్నట్టు. నడిసెంటర్ అనమా, ఇదీ అంతే.

ఈ పేరు నాకు ఒక పాఠం నేర్పింది. షాపు పెట్టిన కొత్తల్లో పొడుగు తోక ఉంటే మగది, పొట్టిదైతే ఆడది అనుకునేవాణ్ణి. చెన్నై కొళత్తూరు నుంచి వచ్చిన సరుకులో ఒక పొట్టి తోకదాన్ని తీసి జోడీ అని ఒకాయనకు ఇచ్చాను. అది ప్లకట్ మగది. పొద్దున్నే ఆయన చిరిగిన తోకలతో రెండింటినీ కవర్లో పట్టుకొచ్చాడు. డబ్బులు వాపసిచ్చాను. నిజమైన ఆడదాన్నయినా నేరుగా మగదాని ట్యాంకులో వదలకూడదని అప్పటికి నాకు తెలీదు.

అపోహ: సిల్వర్ షార్క్ సొరచేప పిల్ల.

వాస్తవం: వీపు మీద రెక్క సొరచేపకు లాగా నిటారుగా ఉందని ఆ పేరు. అది బొచ్చె, శీలావతి ఉండే కుటుంబంలోదే. 'బ్లూ షార్క్' అని అమ్మేది ఇంకా తమాషా: మన రాష్ట్రంలో చెరువుల్లో పెంచే పంగాస్ పిల్లే అది. మీటరు దాకా పెరుగుతుంది. ట్యాంకులో ముద్దు చేసేదీ, హోటల్లో బాసా అని చాలాసార్లు ప్లేటులోకి వచ్చేదీ అదే.

మోలీ చేపకు పెట్టింది అమ్మాయి పేరు కాదు, మోలియన్ అనే ఫ్రెంచి మంత్రి పేరు మీద పెట్టిన మాటకు కుదింపు. గప్పీ కూడా ట్రినిడాడ్‌లో ఉన్న గప్పీ అనే ఆయన ఇంటిపేరు.

అపోహ: సక్కర్ చేపను వేస్తే ట్యాంకు కడిగే పని తప్పుతుంది.

వాస్తవం: సక్కర్ చిన్నప్పుడు పాచి తింటుంది, మిగతా చేపల పెంట తినదు. పైగా అన్నిటికంటే ఎక్కువ మురికి చేసేది అదే. అడుగున్నర దాకా పెరిగాక ఇంట్లో ఆడవాళ్ళు తిట్టడం మొదలుపెడతారు, అప్పుడు దాన్ని చెరువులోనో కోనేరులోనో వదులుతారు, పుణ్యం అని కూడా అంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప మన నదుల్లో, చెరువుల్లో పెరిగి వలలు చింపుతోంది. అందుకే జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మీ దగ్గరున్నది పెద్దదైతే బయట వదలకండి, షాపుకు తెచ్చివ్వండి. ఊరికే తీసుకుంటాను.