నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన పని

మన ఇళ్లలో కడుపుతో ఉన్న అమ్మాయికి జరిగే వైభోగం అంతా ఇంతా కాదు. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి కుంకుమపువ్వు పాలు, దానిమ్మ గింజలు, పుట్టింటి సున్నుండలు, ‘బరువులెత్తకు, మెట్లెక్కకు’ అనే హెచ్చరికలు. అంతకుముందు మాత్రం అటువాళ్లూ ఇటువాళ్లూ అడిగేది ఒక్కటే: ‘ఏమన్నా విశేషమా?’ చిక్కేమిటంటే, పిండం తయారీలో అతి సున్నితమైన పని ఒకటి ఈ సందడి మొదలయ్యేసరికే దాదాపు ముగిసిపోతుంది.

అండం ఫలదీకరణ చెందాక మూడో వారంలో పిండం పొడవు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాని వీపు వైపున్న పలచటి కణాల పొర, తమలపాకును చుట్టినట్టు, రెండంచులూ పైకి లేచి దగ్గరికొచ్చి అతుక్కుని గొట్టంగా మారుతుంది. దీన్ని నాడీ నాళం అంటారు. పై భాగం మెదడవుతుంది, కింది భాగం వెన్నుపాము. 28వ రోజు నాటికి రెండు కొసలూ మూసుకుపోవాలి. కింది కొస మూసుకోకపోతే బిడ్డ స్పైనా బైఫిడా అనే వెన్ను లోపంతో పుడుతుంది. పై కొస మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. అలాంటి బిడ్డ దక్కదు.

ఇప్పుడు రోజులు లెక్కేయండి. ఫలదీకరణ జరిగిన రెండు వారాలకు గానీ నెలసరి తప్పదు. ‘ఇంకో నాలుగు రోజులు చూద్దాం’ అనుకుని, మెడికల్ షాపు నుంచి కిట్ తెప్పించుకుని, రెండు గీతలు చూసి, గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేసరికి మరో రెండు వారాలు గడిచిపోతాయి. ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే విటమిన్ ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరమ్మ చీటీ మీద రాసే వేళకి, ఆ బిళ్ల ఏ పనికోసం ఇస్తారో ఆ పని గడువు తీరిపోయి ఉంటుంది. పిల్లలు కావాలనుకున్నవాళ్లు మార్పులు మొదలుపెట్టాల్సింది ప్రయత్నం మొదలుపెట్టడానికి రెండు మూడు నెలల ముందు. ఆ మాట ఆడవాళ్లకెంతో మగవాళ్లకూ అంతే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫోలిక్ యాసిడ్ కథలో మన దేశమూ ఉంది, మన ఊరూ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు కాన్పు ముందు ప్రాణాంతకమైన రక్తహీనత ఎందుకొస్తోందో తేల్చడం ఆమె పని. ఈస్ట్‌తో తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో పనిచేసేది ఏమిటో అప్పటికి తెలియదు, ‘విల్స్ ఫ్యాక్టర్’ అనేవారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు, ఆయనకూ అది సోకింది. తిన్నది ఒంటబట్టనివ్వని ఆ జబ్బులో ఫోలేట్, అంటే ఆహారంలో సహజంగా దొరికే ఇదే విటమిన్, అడుగంటుతుంది. తర్వాతి కాలంలో ఫోలిక్ యాసిడ్ దానికి మందైంది.

ఆ ప్రయోగశాలే ఫోలిక్ యాసిడ్‌కు శత్రువునీ తయారుచేసింది. రూపంలో ఫోలిక్ యాసిడ్‌లా ఉండి దాని పనిని అడ్డుకునే అమైనాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి చూశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికీ సోరియాసిస్‌కీ కూడా వాడుతున్నారు. వేగంగా చీలే కణాలను ఆపేదే ఆ మందు. పిండంలో ఉన్నవన్నీ వేగంగా చీలే కణాలే. అది వాడుతున్న స్త్రీ గర్భం అనుకోవడానికి నెలల ముందే డాక్టరుకు చెప్పి మార్చుకోవాలి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా ఈ జాబితాలోవే. అలాగని ఎవరికి వారు ఆపేయకూడదు. మందు ఆపితే వచ్చే మూర్ఛ తల్లికీ ప్రమాదమే.

నాడీ నాళానికీ ఫోలిక్ యాసిడ్‌కీ ఉన్న సంబంధం 1991లో గట్టిగా రుజువైంది. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మామూలు స్త్రీలకు అంత మోతాదు అక్కర్లేదు, రోజుకు 400 మైక్రోగ్రాములు చాలంటారు. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ల, అంటే దానికి పన్నెండున్నర రెట్లు. ఎవరికి ఏది అన్నది డాక్టరు తేల్చాలి. షుగర్ ఉన్నా, మూర్ఛ మందులు వాడుతున్నా, ముందు కాన్పులో ఇలాంటి ఇబ్బంది వచ్చినా పెద్ద మోతాదే ఇస్తారు. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లు బి12 కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. అది తక్కువైతే ఫోలేట్ ఉన్నా కణంలో దాని పని సాగదు.

‘ఆకుకూరలు తింటే చాలదా?’ అని అడుగుతారు. తినాలి, కానీ వాటి మీదే భారం వేయలేం. ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చచ్చిపోతుంది. తోటకూరను సన్నగా తరిగి, ఆ తర్వాత రెండు నీళ్లు కడిగి, ఉడికించి నీళ్లు వార్చేస్తే మంచిదంతా తూములోకే. కడిగాక తరిగి, కందిపప్పులో వేసి, ఉడికిన నీళ్లు గిన్నెలోనే ఉంచి తాలింపు పెడితే చాలావరకు కంచంలోకి వస్తుంది. పాలకూర పప్పు మన వంటల్లో ఎంత తెలివైనదో అది చేసుకునే మనకే తెలియదు. పెసలు, శనగలు, అలసందలు, బెండకాయ, బీట్‌రూట్, గుడ్డు, కమలాపండు: ఇవన్నీ ఫోలేట్ ఉన్నవే. అయినా ఆహారంలోని ఫోలేట్ కంటే బిళ్లలోనిది ఒంటికి ఎక్కువ పడుతుంది. ఆకుకూరా కావాలి, బిళ్లా కావాలి.

ఇనుము సంగతి మరీ ఘోరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భం వచ్చాక ఆ లోటు పూడ్చడం కష్టం, ఎందుకంటే అప్పటికి బిడ్డ కూడా వాటాకొస్తుంది. ముందుగానే ఒక హిమోగ్లోబిన్ పరీక్ష, దాంతోపాటే థైరాయిడ్, షుగర్ చూపించుకుంటే సరి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట, గంటన్నర జరపండి. టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఫలితం దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక ‘వేడి చేస్తుంది’ అనే భయాలు. పచ్చి బొప్పాయి పాలు గర్భసంచి కండరాన్ని బిగుసుకునేలా చేస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది. బాగా పండిన బొప్పాయితో అలా జరగలేదు. ప్రయత్నంలో ఉన్న అమ్మాయి కంచం నుంచి బొప్పాయి, నువ్వులు, గుడ్డు ఒక్కొక్కటే తీసేసి, చివరికి పెరుగన్నం మిగిల్చే పెద్దలను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మానాల్సినవి వేరే ఉన్నాయి: పొగాకు, మద్యం, రోజుకు నాలుగైదు కాఫీలు. కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, రెండు కప్పుల దగ్గర ఆగితే చాలు. వనస్పతితో చేసిన బేకరీ సరుకులూ తగ్గించాలి. అండం విడుదలలో ఇబ్బందులకూ, వనస్పతిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్‌లనే చెడు కొవ్వులకూ సంబంధం ఉన్నట్టు అమెరికా నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో కనిపించింది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో వాటికి 2 శాతం పరిమితి పెట్టారు గానీ, మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించే బజ్జీల బండికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మగవాళ్ల దగ్గరికి వద్దాం. ఒక వీర్యకణం మొదటి కణం నుంచి తోక మొలిచేదాకా తయారవడానికి 74 రోజులు పడుతుంది. ఆపైన ఈత నేర్చుకుని బయటికి రావడానికి మరికొన్ని రోజులు. అంటే ఈ సంక్రాంతికి మానేసిన సిగరెట్ ఫలితం ఉగాది దాటితే గానీ కనబడదు. దంపతుల్లో పిల్లలు కలగని కేసుల్లో దాదాపు సగానికి మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. అయినా గుళ్లకూ, నోములకూ, స్కానింగులకూ తిరిగేది భార్య ఒక్కతే.

వృషణాలు శరీరం బయట వేలాడుతున్నది ఊరికే కాదు. వీర్యకణాల తయారీకి శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో గంటసేపు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్లకు అక్కడ రెండున్నర డిగ్రీలకు పైగా వేడి పెరిగింది. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లు ఒక చిన్న బల్ల కొనుక్కోవచ్చు. గంటల తరబడి వేడి సీటు మీద కూర్చునే డ్రైవర్లకూ, బట్టీల దగ్గర, వంటశాలల్లో పనిచేసేవాళ్లకూ ఇది మరీ ముఖ్యం. వాళ్లకి బల్ల కొనుక్కోమంటే తీరేది కాదు.

జిమ్ముల్లో ఇప్పుడు నడుస్తున్న టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ల గొడవ ఇంకొకటి. కండ పెరుగుతుంది, మగతనం పెరిగినట్టే ఉంటుంది, వీర్యకణాలు మాత్రం పడిపోతాయి. ఒంట్లో హార్మోన్ బయటి నుంచి దండిగా వస్తోందని గ్రహించిన మెదడు, వృషణాలకు పంపే ఆజ్ఞలు ఆపేస్తుంది. ఇది ఎంత ఖాయమంటే, వారం వారం టెస్టోస్టెరాన్ ఇస్తే మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందా అని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్షించింది. 1990లో వెలువడిన ఆ ఫలితాల్లో ఆరు నెలల్లోనే సగం మందికి పైగా వీర్యకణాలు సున్నాకి పడిపోయాయి. ఆపేస్తే సాధారణంగా తిరిగొస్తాయి గానీ, నెలలు పడుతుంది. ఇంజెక్షన్ వేసే ట్రైనర్‌కి ఈ సంగతి తెలుసో లేదో!

‘కౌంట్ పెంచే’ డబ్బాల గురించి కూడా ఒక మాట. జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి మగవాళ్లకు ఇస్తే మేలు జరుగుతుందా అని అమెరికాలో 2,370 జంటల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వీర్యం నాణ్యతా పెరగలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. ఆ డబ్బు పెట్టి గుడ్లూ చేపలూ పళ్లూ కొనుక్కోవడం నయం. ఖైనీ, గుట్కా మానితే పైసా ఖర్చు లేదు, పైగా మిగులు.

ఆడవాళ్లలో అండం సరిగా విడుదల కాకపోవడానికి ఎక్కువగా వినిపించే పేరు పీసీఓఎస్, వాడుకలో పీసీఓడీ. ఇందులో ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు, దాంతో ఇన్సులిన్ ఇంకా ఎక్కువ ఊరుతుంది, అది అండాశయాలను పురుష హార్మోన్లు చేయమని ఎగదోస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. డెబ్బై కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు; పెళ్లినాటి నడుము తిరిగి రానక్కర్లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు పెంచడం, రాత్రి తిన్నాక పావుగంట నడవడం, వేళకి నిద్ర: పేర్లు లేని ఈ పద్ధతులే ఎక్కువ కాలం నిలుస్తాయి. కొర్రలన్నం కొండంత పెట్టుకుని తింటే వరి అన్నం మానిన ఫలితం రాదు.

కడుపు మాడ్చుకోవడం మాత్రం పనికిరాదు. 1944-45 శీతాకాలంలో నాజీల దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో కరవు వచ్చినప్పుడు, తొమ్మిది నెలల తర్వాత అక్కడి జననాలు దాదాపు సగానికి పడిపోయాయి. తిండి చాలడం లేదని తెలిస్తే మెదడు మొదట కత్తిరించే ఖర్చు గర్భానిదే. నెలలో పది కిలోలు తగ్గించే డైట్‌లు ఇదే సంకేతం పంపుతాయి.

వేళ గురించి కొంచెం. 1995లో అమెరికాలో 221 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో గర్భాలన్నీ అండం విడుదలయ్యే రోజుతో ముగిసే ఆరు రోజుల్లో కలిసినవాళ్లకే వచ్చాయి. అండం ఒక రోజుకు మించి నిలవదు, వీర్యకణాలు అయిదు రోజుల దాకా కాచుకుని ఉండగలవు. కాబట్టి ముందుగా ఉండటమే మేలు. ‘14వ రోజు’ అన్న లెక్క 28 రోజుల నెలసరికే. 35 రోజులకు వచ్చేవాళ్లకు అది 21వ రోజు దగ్గర పడుతుంది. ఆయన హైదరాబాద్‌లో, ఆవిడ విజయవాడలో ఉద్యోగాలు చేస్తూ వారాంతాల్లో కలిసే జంటలకు మందులకంటే ముందు క్యాలెండర్ చూడటమే వైద్యం.

అన్నీ బాగున్నా ఏ ఒక్క నెలలోనూ అవకాశం నాలుగో వంతుకు మించదు. ఏడాది తిరిగేసరికి నూటికి ఎనభై జంటలకు పైగా ఫలితం కనిపిస్తుంది. ఆవిడకు 35 దాటితే ఆరు నెలలకే, నెలసరి అస్తవ్యస్తంగా ఉంటే అంతకుముందే డాక్టరును కలవాలి. కలిసినప్పుడు ఆవిడకు హార్మోన్లు, స్కానింగులు, ట్యూబుల పరీక్షలన్నీ అయ్యాక ఆఖర్న ఆయన వంతు రావడం మన దగ్గర ఆనవాయితీ. అన్నిటికంటే చవకైనదీ, సూది గుచ్చనిదీ వీర్య పరీక్షే. అది మొదట జరగాలి. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి. వీర్యకణాలు మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కంటే తక్కువని రిపోర్టు వస్తే అప్పుడే గుండె జారిపోనక్కర్లేదు. నెలో రెండు నెలలో కిందట డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చి ఉంటే, ఆ వేడికి దెబ్బతిన్న కణాలే ఇప్పుడు బయటికొస్తుంటాయి. ఆ సంగతి డాక్టరుకు చెప్పి, మూడు నెలలాగి అదే ల్యాబులో మళ్లీ ఇవ్వాలి.