స్కాఫోల్డింగ్ టూల్‌లో స్టాక్ యాడ్ చేయడం: అపోహలు - వాస్తవాలు

కంపెనీ లోపల వాడుకునే ప్రాజెక్ట్ జనరేటర్ (కొత్త ప్రాజెక్ట్‌కి మొదటి కోడ్ ఫైళ్ళన్నీ తనే తయారుచేసి ఇచ్చే స్కాఫోల్డింగ్ టూల్) మీద కొన్నేళ్ళుగా పనిచేస్తున్నా. వారానికి ఒక్కరైనా వచ్చి అడిగేది ఒకటే, "అన్నా, ఫలానా స్టాక్ కూడా పెట్టొచ్చు కదా, ఒక టెంప్లేట్ ఫోల్డరే కదా" అని. స్టాక్ అంటే ప్రాజెక్ట్ కట్టే ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్ లాంటి టెక్నాలజీలు, టెంప్లేట్ అంటే వాటికి ముందే రాసిపెట్టిన నమూనా కోడ్. ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కొత్త స్టాక్ అంటే ఇంకో ఫోల్డర్, అంతే.

వాస్తవం: ఫోల్డర్ రాయడం రెండు రోజుల పని, అది మిగతావాటన్నిటితో కలిసి నడవాలి చూడండి, అక్కడుంది అసలు పని. ఫ్రంటెండ్‌లు (తెర మీద కనిపించే భాగం) 4, బ్యాకెండ్‌లు (సర్వర్ భాగం) 5, డేటాబేస్‌లు 3, లాగిన్ పద్ధతులు 2 అనుకోండి, 120 రకాల ప్రాజెక్టులు. ఇంకొక్క డేటాబేస్ పెట్టండి, 160 అయ్యాయి.

2024 సంక్రాంతికి ముందు మాంగోడీబీ అనే డేటాబేస్‌కి సపోర్ట్ ఇచ్చాం. అప్పటికే ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టెంప్లేట్ కాపీ కొట్టి మోడల్స్ మార్చారు, బిల్డ్ తప్పుల్లేకుండా గ్రీన్ వచ్చింది, అసలు కోడ్‌లో మెర్జ్ చేసేశాం. కొత్తగా జాయినైన ఒక తమ్ముడు దాంతోనే ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. యూజర్ల లిస్ట్ బాగానే వస్తోంది, ఏ యూజర్ మీద నొక్కినా "నాట్ ఫౌండ్". తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని రెండు రోజులు వెతికాడు పాపం, ఊరికెళ్ళే బస్ టికెట్ కూడా క్యాన్సిల్ చేసుకున్నాడు. చివరికి ఇద్దరం కూర్చుని చూస్తే, ఫ్రంటెండ్‌లోని రియాక్ట్ పేజీలో ఐడీకి పార్స్‌ఇంట్ (స్ట్రింగ్‌ని నంబరుగా మార్చే ఫంక్షన్) పెట్టి ఉంది, ఎందుకంటే మా పోస్ట్‌గ్రెస్ టెంప్లేట్‌లో ఐడీ నంబరు. మాంగోలో అది 24 అక్షరాల హెక్స్ స్ట్రింగ్ (0-9 అంకెలు, ఏ-ఎఫ్ అక్షరాలు కలిసింది), అందులో మొదటి 4 బైట్లు టైమ్‌స్టాంప్, అంటే క్రియేట్ చేసిన సమయం, కాబట్టి ఆ రోజుల్లో క్రియేట్ చేసిన ఐడీలన్నీ "65ఏ"తోనే మొదలవుతున్నాయి. పార్స్‌ఇంట్ అక్షరం తగలగానే ఆగిపోయి 65 ఇస్తుంది. అంటే అందరు యూజర్లకీ ఐడీ 65! మాంగో టెంప్లేట్‌ని విడిగా చూస్తే ఏ తప్పూ లేదు, రియాక్ట్‌దీ అంతే, రెండూ కలిసినచోట విరిగింది.

అప్పట్నుంచి రోజూ రాత్రి సీఐలో (కోడ్‌ని దానంతటదే నడిపి పరీక్షించే వ్యవస్థ) ప్రాజెక్టులు జనరేట్ చేసి, రన్ చేసి, యూజర్‌ని క్రియేట్ చేసి, లాగిన్ అయి, ఆ యూజర్ పేజీ తెరిచి చూస్తున్నాం. 160 కాంబినేషన్లూ అక్కర్లేదు, ప్రతి రెండు ఆప్షన్లూ ఎక్కడో ఒకచోట జతగా వచ్చేలా చూస్తే పాతిక లోపే సరిపోతాయి. ఇలా జతల్లో దొరికే బగ్గులే మాకు ఎక్కువ.

ఇంకోటి, ఓనర్ లేని స్టాక్‌ని మేం తీసుకోవట్లేదు. ఉదాహరణకి, జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్‌లో 18వ వెర్షన్ సపోర్ట్ 2025 ఏప్రిల్ 30తో అయిపోయింది, ఆ నంబరు డాకర్‌ఫైల్‌లో ఉంటుంది, సీఐ కాన్ఫిగ్‌లో ఉంటుంది, ప్యాకేజ్ జేసన్‌లో ఉంటుంది, మూడుచోట్లా మార్చి మళ్ళీ నడిపి చూసే మనిషెవరో ముందే తేలాలి. తేలకపోతే "ఎక్స్‌పెరిమెంటల్" అని మెనూలోనే రాసేస్తాం, తీసుకునేవాళ్ళు తెలిసి తీసుకుంటారు.

అపోహ: జనరేట్ అయ్యాక టూల్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ఏ ఆప్షన్లతో పుట్టిందో ప్రాజెక్ట్‌లోనే ఫైల్‌గా దాచాలి. కాపియర్ అనే టూల్ అయితే ఆ ఫైల్ చూసుకుని టెంప్లేట్‌లో వచ్చిన మార్పుల్ని పాత ప్రాజెక్ట్‌కి కూడా అప్‌డేట్ చేస్తుంది. ఇది మొదటిరోజే పెట్టుకోండి, తర్వాత పెట్టడం నరకం.

అపోహ: లైబ్రరీల వెర్షన్లన్నీ "లేటెస్ట్" పెడితే గొడవే ఉండదు.

వాస్తవం: నిన్న నడిచిన ప్రాజెక్ట్ ఇవాళ నడవకపోవడానికి దగ్గరి దారి అదే. లాక్‌ఫైల్ (ఏ లైబ్రరీ ఏ వెర్షనో పక్కాగా రాసిపెట్టే ఫైల్) ఇవ్వండి.

అపోహ: క్రియేట్ రియాక్ట్ యాప్ (కొత్త రియాక్ట్ యాప్ మొదలుపెట్టే టూల్) పోయింది, మా యాప్ ఆగిపోతుంది.

వాస్తవం: ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమ్ దాన్ని డెప్రికేట్ చేసింది, అంటే కొత్త యాప్‌లకి వాడొద్దని. ఉన్నవి నడుస్తూనే ఉంటాయి. ఫ్రెషర్లు కొందరు కంగారుపడి మెసేజ్ చేస్తున్నారు, డెమో ముందురోజు మైగ్రేషన్ మొదలుపెట్టకండమ్మా, డెమో అయ్యాక తీరిగ్గా వీట్ అనే టూల్‌కి మారండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కోడ్ బయట పెట్టుకునే సెట్టింగులు) ముందు మార్చుకోండి, క్రియేట్ రియాక్ట్ యాప్‌లో "రియాక్ట్ యాప్" అని మొదలయ్యే పేర్లు వీట్‌లో "వీట్" అని మొదలవ్వాలి, చాలామంది ఇరుక్కునేది అక్కడే.